హనుమకొండలో ‘కొత్త’ హార్డ్ డిస్కు కొంటున్నారా? అది ఇప్పటికే ఎన్ని గంటలు తిరిగిందో చూడండి

2023 జూలై వరదలో హంటర్ రోడ్డు వైపు ఉన్న మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. బీరువా అడుగు అరలోని పెళ్లి సీడీలు, పద్మాక్షి గుట్ట దగ్గర నానమ్మ ఆడిన సద్దుల బతుకమ్మ సీడీ, అన్నీ బురదలో నానిపోయాయి. కడిగి, ఆరబెట్టి, చదవడానికి వీలైనవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వీటిని మేడ మీద ఒక నాస్ పెట్టెలో (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి, హార్డ్ డిస్కులు వేసి ఫైళ్లు దాచుకునే పెట్టె) భద్రపరచి, కింద హాల్లో టీవీలో చూసుకోవాలని అప్పుడే అనుకున్నాను. ఆ కోరికే నన్ను దుకాణం దాకా తీసుకెళ్లింది.

రెండు డిస్కులు పట్టే పెట్టె తీసుకున్నాను, దానితో పేచీ లేదు. పేచీ అంతా అందులో వేసిన రెండు 4 టీబీ డిస్కులతోనే. అట్టపెట్టె లేదు, దుకాణదారు వెండిరంగు కవరులో పెట్టి ఇచ్చాడు. బయటి ధర కన్నా రెండింటి మీద మూడు వేలు తక్కువ. బిల్లు అడిగితే, “జీఎస్టీ 18 శాతం పడుతుంది అన్నా, ఎందుకు దండగ?” అని తెల్ల కాగితం మీద అంకెలు వేసి చేతిలో పెట్టాడు. డబ్బు యూపీఐలో పంపాను. ఈ కథలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

బిగించింది కూడా అతడే. రెండూ కలిపి 8 టీబీ కనబడేలా పెట్టానన్నాడు, నేను మురిసిపోయాను. దాన్ని రెయిడ్ 0 అంటారని తరువాత తెలిసింది. ప్రతి ఫైలునూ ముక్కలు చేసి రెండు డిస్కుల మీదా పంచుతుంది, ఒకటి పోతే మొత్తం పోతుంది. రెయిడ్ 1లో పెడితే చోటు 4 టీబీయే దక్కుతుంది కానీ ఒకే సమాచారం రెండు చోట్లా ఉంటుంది. ఇది తెలియక, కంప్యూటర్‌లోని నకళ్లను చెరిపేశాను కూడా.

మొదట మేనల్లుడు 2024 మేడారం జాతరలో తీసిన 4కె వీడియోలు ఆగి ఆగి నడిచాయి. దుకాణదారు తప్పు మేడ మీది పెట్టె నుంచి కిందికి వేసిన నెట్‌వర్క్ కేబుల్‌ది అన్నాడు. కేబుల్ వేసినవాడు టీవీది అన్నాడు. మూడు వారాలు నన్ను బంతిలా ఇద్దరూ ఆడుకున్నారు. కేబుల్ మాట సగం నిజమే. పెట్టె సెట్టింగుల్లో లింకు వేగం 1000 బదులు 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అని ఉంది. గిగాబిట్‌కు, అంటే ఆ 1000కి, కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, కేబుల్ వేసినవాడు నాలుగే కలిపి చేతులు దులుపుకున్నాడు. పైగా తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడింది: రాగి పూత పూసిన అల్యూమినియం. అసలు రాగి తీగతో క్యాట్ 6 రకం కేబుల్ వేయించాక, ఫైళ్లు ఎక్కించేటప్పుడు సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు, ఒక్కోటి ఎనిమిది మెగాబిట్లు) దగ్గర చతికిలబడిన వేగం 100 దాటింది. (చాలా టీవీల్లో ఈ కేబుల్ తగిలించే లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. భారీ 4కె ఫైళ్లకు 5 గిగాహెర్ట్జ్ వైఫైయే నయం.)

జాతర బాగా నడిచింది. కానీ పెళ్లి వీడియో ఆగిపోయింది! అప్పుడు తట్టింది. పాత వీసీడీ నడవడానికి ఒకటిన్నర ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. నాలుగు తీగల కేబుల్ మీద కూడా అది పరుగెత్తాలి. అంటే జబ్బు దారిలో లేదు, డిస్కులో ఉంది.

డిస్కు తన ఆరోగ్యం లెక్కను తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు, నాస్ సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. ‘పవర్ ఆన్ అవర్స్’ దగ్గర ఒకదానికి 31,412, రెండోదానికి 29,870. నెల కూడా నిండని డిస్కు మూడున్నరేళ్లు తిరిగిందట! అన్ని గంటల్లో ఆపి మళ్లీ వేసింది 61 సార్లే. పగలూ రాత్రీ ఆగకుండా నడిచే సీసీ కెమెరా రికార్డరు నుంచి ఊడదీసిన సరుకని నా అనుమానం. మొదటి డిస్కులో 184 సెక్టార్లు (సమాచారం రాసుకునే చిన్న గళ్లు) చెడిపోయి, వాటి బదులు వేరేవి వాడుకుంటోంది. చదవలేక పెండింగులో పెట్టినవి ఇంకో 40. తయారీదారు సైటులో సీరియల్ నంబరు కొడితే వారంటీ ఎప్పుడో ముగిసింది.

దుకాణదారును అడిగితే, “ఏడు రోజుల్లో రావాల్సింది” అన్నాడు. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేశాను. యూపీఐ రుజువు, స్మార్ట్ ఫోటోలు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతానని, 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదని చెప్పాక మెత్తబడి, చెడిపోయిన డిస్కు వెనక్కి తీసుకుని దాని డబ్బు ఇచ్చాడు. రెండోదాని సంగతి తేలలేదు కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

మీరు కొనేటప్పుడు డిస్కును కౌంటరు దగ్గరే కంప్యూటర్‌కు తగిలించమనండి. ఆ స్మార్ట్ లెక్క చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, రెండు నిమిషాల పని. కొత్తదానికి గంటలు సున్నా, మహా అయితే ఒకటో రెండో. ఆ అంకెను చెరిపేసే ఘనులు కూడా ఉన్నారు, అందుకే సీరియల్ నంబరుతో వారంటీ చూడండి, స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు వెతకండి. తగిలించనివ్వకపోతే బయటికి నడవండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. నేను తరువాత సికింద్రాబాద్ వెళ్లి ఇలాగే చూసి తెచ్చుకున్నాను, రైలు ఖర్చుతో కలిపినా నష్టం లేదు. ఈసారి రెయిడ్ 1 పెట్టాను, మరో నకలు విడిగా చెల్లెలి ఇంట్లో ఉంచాను.

పెళ్లి వీడియోలు చాలావరకు దక్కాయి. నానమ్మ బతుకమ్మ పన్నెండో నిమిషంలో ఆగిపోతుంది.

ఇంకొక్క మాట. వెనక్కి ఇచ్చిన ఆ డిస్కును అతడు పగలగొట్టలేదు, తుడిచి అరలో పెట్టుకున్నాడు. ఇచ్చే ముందు దాని అంచున, కేబుల్ తగిలించే వైపు, మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టింది. వెండిరంగు కవరులో అలాంటి చుక్కతో 4 టీబీ డిస్కు మీ చేతికి వస్తే తీసుకోకండి, నాకు కబురు పెట్టండి.