సముద్రపు హద్దుకు ఉపగ్రహమా, ఓడా: ఏది మేలు?

మైపాడు తీరంలో ఒక పెద్దాయన ఇప్పటికీ లోతును బారల్లోనే చెబుతాడు. రెండు చేతులూ చాచి, "ఇది బార. మీ ఉపగ్రహానికి ఇంత పొడుగు చేతులు ఎక్కడివి బాబూ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

నిజానికి ఉపగ్రహం అడుగును చూడదు. దాని రాడార్ తరంగం నీటిలోకి దిగదు, నీటిమట్టం ఎత్తును మాత్రమే కొలుస్తుంది. అడుగున కొండ ఉంటే దాని ఆకర్షణకు నీరు పైన పోగవుతుంది. రెండు కిలోమీటర్ల కొండకు సుమారు రెండు మీటర్ల ఉబ్బు. దాన్ని బట్టి అడుగును ఊహిస్తారు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట (అప్పటికి మన నెల్లూరు జిల్లాయే) నుంచి వెళ్లిన సరళ్ అనే ఉపగ్రహం చేసింది ఈ పనే. ఇలాంటి ఉపగ్రహం సముద్రాలన్నిటినీ చుట్టేస్తుంది కానీ, కొన్ని కిలోమీటర్ల కంటే చిన్నవి దానికి ఆనవు.

ప్రతిధ్వనితో లోతు కొలిచే ఓడ సోనార్‌ది ఎదురు గుణం. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. మూడు వేల మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి నాలుగు సెకన్లు. లెక్క గట్టిది, నడక నత్తది. ప్రపంచ సముద్రాల అడుగులో ఇలా కొలిచింది నేటికీ నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

12 (ప్రాదేశిక జలాలు), 200 (ఆర్థిక మండలం) నాటికల్ మైళ్ల హద్దులను తీరం నుంచి కొలుస్తారు, వాటికి అడుగుతో పని లేదు. 200 దాటి, నీటి కింద సాగే ఖండపు అంచు దాకా ఒక దేశం హక్కు కోరినప్పుడే అడుగు కావాలి. అక్కడ ఐక్యరాజ్యసమితి కమిషన్ సోనార్ లోతులనే అసలు సాక్ష్యంగా తీసుకుంటుంది. ఉపగ్రహపు లోతులు పక్క సాక్ష్యం మాత్రమే.

మన బంగాళాఖాతంలో ఆ జాగ్రత్త మరీ అవసరం. మన తీరానికి 500 కిలోమీటర్ల అవతల, 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట ఒక పొడవాటి గట్టు గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు కింద పూడిపోయి ఉంది. పైన అడుగంతా చదునే. నీటి ఎత్తును బట్టి గీసిన గురుత్వ (ఆకర్షణ) పటంలో చూస్తే మాత్రం అక్కడ గట్టు బదులు పల్లం కనిపిస్తుంది! ఉపగ్రహాన్ని నమ్మి గీత గీస్తే నవ్వులపాలే.

అందుకే ఓడ ఎటు వెళ్లాలో చెప్పడానికి ఉపగ్రహం, కమిషన్‌కు పెట్టే దరఖాస్తుకు ఓడ అంటాను. అయితే ఇక్కడ సోనార్ కూడా చాలదు. బంగాళాఖాతం దక్షిణ భాగం కోసం 1982 సముద్ర చట్ట సదస్సు తుది పత్రంలో ప్రత్యేకంగా ఒక వెసులుబాటు చేర్చారు: ఒండ్రు రాళ్ల మందం కిలోమీటరుకు తగ్గని చోట హద్దు బిందువు పెట్టుకోవచ్చు. ఆ మందం తెలియాలంటే, కిలోమీటర్ల కేబుల్ లాగుతూ గాలి తుపాకులు పేల్చి, ఆ శబ్దంతో అడుగు కింది పొరలను చూసే సైస్మిక్ సర్వే ఓడే గతి.

ఇదంతా విన్న పెద్దాయన వలకు అంటిన బురదను గోటితో గీకి, "దీనికా ఇంత కొలత?" అన్నాడు.