ఏనుగు చచ్చినా వెయ్యే అనుకున్నా: ఈ1 ఎంజైమ్‌తో మూడేళ్లు

మూడేళ్లలో నాలుగు ట్యూబులు వాడాను. మనిషి ఈ1 ఎంజైమ్, అంటే యూబీఏ1. పురుగు కణాల్లో తయారుచేసి, హిస్ ట్యాగ్‌తో (నికెల్‌కి అంటుకునే చిన్న తోక), ట్యూబుకి 50 మైక్రోగ్రాముల చొప్పున అమ్మేది. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ చెప్పబోయే గొడవలో కొంత వాళ్లది, కొంత కొరియర్ వాళ్లది, మిగతాది నాది. ఈ1, ఈ2, ఈ3 వరస ఏమిటో ఈ సమీక్ష వెతుక్కుని వచ్చినవాళ్లకి తెలిసే ఉంటుంది. కొత్తవాళ్లకి ఒక్క ముక్క: ఈ1 ఏటీపీ అనే శక్తి అణువుని ఖర్చుపెట్టి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని సిద్ధం చేసి ఈ2కి అందిస్తుంది, ఈ3 దాన్ని మరో ప్రోటీన్‌కి, అంటే సబ్‌స్ట్రేట్‌కి, తగిలించి గొలుసు కట్టిస్తుంది.

ముందు నా మురిపెం చెప్పుకోనివ్వండి. మొదటి ట్యూబు వచ్చిన వారంలోనే 90 నిమిషాల రియాక్షన్ పెట్టాను. వెస్టర్న్ (ప్రోటీన్లని జెల్ మీద సైజు వారీగా విడదీసి, యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) చేస్తే ఏటీపీ వేసిన లేన్ పైనుంచి కింద దాకా నల్లటి స్మియర్, అంటే రకరకాల పొడవుల యుబిక్విటిన్ గొలుసుల చార, ఏటీపీ లేని లేన్ కడిగిన పళ్లెంలా శుభ్రం. అంతకుముందు పక్క ల్యాబ్ వాళ్లు దయతలచి ఇచ్చిన పాత ఎంజైమ్‌తో ఆరు నెలలు బూడిదరంగు మరకలే చూశాను. ఆ రాత్రి పదిన్నరకి హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర బస్సు కోసం నిలబడి, మదనపల్లెలో ఉన్న అమ్మకి కూడా ఆ బ్లాట్ ఫోటో పంపాను. "ఎక్స్‌రేనా? ఎవరికేమైంది?" అంది అమ్మ.

పొదుపు సంగతి ఇంకా బాగుంది. 100 నానోమోలార్ వేస్తే చాలు. 118 కిలోడాల్టన్ల ఎంజైమ్ కాబట్టి 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి పావు మైక్రోగ్రాము కూడా పట్టదు. లెక్క ప్రకారం ట్యూబుకి 200 పైన రియాక్షన్లు రావాలి. నాకు 130, 140 మధ్య వచ్చాయి. ట్యూబు గోడలకి అంటుకున్నది, పిపెట్ మొనలో మిగిలింది, భయంతో కొంచెం ఎక్కువ వేసింది పోగా అంతే. ఒక్కో ట్యూబు ఖరీదు నా నెల ఫెలోషిప్ కంటే ఎక్కువే, అయినా ఆ లెక్కన చూస్తే బాధ లేదు.

ఒక చిన్న చిరాకు. మీ సబ్‌స్ట్రేట్‌కి కూడా హిస్ ట్యాగ్ ఉండి, రియాక్షన్ తర్వాత నికెల్ బీడ్స్‌తో పట్టాలనుకుంటే ఈ1 కూడా పిలవని పెళ్లికి వచ్చి బీడ్స్ మీద కూర్చుంటుంది. నేను సబ్‌స్ట్రేట్ ట్యాగ్ మార్చుకున్నాను.

ఇక మూడో ట్యూబు కథ.

దసరా ముందు సోమవారం రావాల్సిన పార్సిల్ దారిలో ఎక్కడో ఆగింది. ఫోన్ చేస్తే "ఈరోజు వచ్చేస్తుంది మేడం" అనేవాళ్లు. బెంగళూరులో ఆయుధ పూజ రోజు ల్యాబులు ఎలా ఉంటాయో ఇక్కడ పనిచేసినవాళ్లకి తెలుసు. సెంట్రిఫ్యూజ్‌కి పసుపు కుంకుమ, మైనస్ 80 ఫ్రీజర్ తలుపుకి అరటి పిలకలు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. మేమంతా పూజ చేసుకుని ప్రసాదం తిని వెళ్లిపోయాం. మర్నాడు విజయదశమి, సెలవు. ఆ తర్వాతి రోజు నేను వెళ్లేసరికి థర్మోకోల్ పెట్టె సెక్యూరిటీ బల్ల కింద ఉంది, మూత మీద కుంకుమ బొట్టుతో సహా. "పూజె ఆయ్తు మేడం" (పూజ అయిపోయింది) అన్నాడు సెక్యూరిటీ పెద్దాయన సంతోషంగా. ఆయన్ని ఏమనగలను?

పెట్టెలో డ్రై ఐస్ పలుకు కూడా లేదు. ట్యూబు అడుగున 85 మైక్రోలీటర్ల ద్రవం, గది వేడిలో. మా జూనియర్, నెల్లూరు పిల్ల, ట్యూబుని లైటుకి ఎత్తి చూసి "అక్కా, ఇది పోయినట్టే" అంది. కంపెనీకి ఫోటోలు పంపితే, డెలివరీ తీసుకున్న 24 గంటల్లోపు ఫిర్యాదు చేయాలి, మీరు చేయలేదు, అన్నారు. పెట్టె తీసుకున్నది సెక్యూరిటీ, నేను కాదు అని నేను. సంతకం ఉంది కదా అని వాళ్లు. రెండు వారాలు ఇలాగే సాగి, ఆఖరికి తర్వాతి ఆర్డర్‌లో కొంత తగ్గింపు ఇస్తామన్నారు. కొత్త ట్యూబు మాత్రం ఇవ్వలేదు.

మా గైడ్ సార్ మాత్రం "పారేయొద్దు, చూడు" అన్నారు. సరే అని ఐదేసి మైక్రోలీటర్ల చొప్పున 16 చిన్న ట్యూబులుగా (ఆలికాట్లుగా) పంచి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80లో పెట్టాను. ఒకదానితో ఎప్పటి 90 నిమిషాల రియాక్షనే చేశాను. స్మియర్ వచ్చింది! పాత ట్యూబుతో వచ్చినంత నల్లగా, అంత పొడవుగా. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో చెప్పలేం. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని ల్యాబ్ మీటింగ్‌లో నేనే అన్నాను. అప్పుడు ఎవరైనా సమీక్ష రాయమంటే ఐదు చుక్కలూ ఇచ్చేసేదాన్ని.

ఆ చుక్కల్లో ఒకటిన్నర ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

మా ఈ3లో ఒక మ్యూటెంట్ (ఒక చోట మార్పు చేసిన రకం) మీద పని చేస్తున్నాం. మామూలు ఈ3తో తక్కువ సమయాల రియాక్షన్లు, అంటే 2, 5, 10 నిమిషాలవి, దసరాకి ముందే రెండో ట్యూబుతో చేసి పెట్టుకున్నాను. మ్యూటెంట్‌ని దసరా తర్వాత, కరిగిన మూడో ట్యూబుతో చేశాను. మ్యూటెంట్ బాగా నెమ్మదించింది. మూడుసార్లు చేసినా అంతే. గ్రాఫు గీశాం, పోస్టర్ ముద్రించాం, నేను రాత్రుళ్లు ఆ మ్యూటేషన్ ఈ2ని ఎలా సరిగా పట్టుకోలేకపోతోందో బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాను. రెండూ ఒకే రోజు, ఒకే ఎంజైమ్‌తో పక్కపక్కన చేయాలన్నది మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెప్పే పాఠం. ట్యూబు పొదుపు చేద్దామనుకుని చేయలేదు. ఈ తప్పు ఎంజైమ్‌ది కాదు.

బయటపెట్టింది నెల్లూరు పిల్లే. తన పని కోసం మామూలు ఈ3తో 5 నిమిషాల రియాక్షన్ చేసి, జెల్ పట్టుకుని వచ్చింది. "అక్కా, మామూలుది కూడా మీ మ్యూటెంట్ లాగే ఉందే?"

అప్పుడు ఈ3ని పక్కన పెట్టి ఈ1ని ఒంటరిగా పరీక్షించాం. యూబీఈ2డీ3 అనే ఈ2, యుబిక్విటిన్, ఏటీపీ, మెగ్నీషియం, అంతే. నిమిషానికొకసారి తీసి, డీటీటీ (ఈ2కీ యుబిక్విటిన్‌కీ మధ్య బంధాన్ని తెంచేసే రసాయనం) లేని బఫర్‌లో ఆపి, జెల్ మీద వేయడం. ఈ2 సుమారు 17 కిలోడాల్టన్ల దగ్గర ఉంటుంది, దానికి యుబిక్విటిన్ థయోఎస్టర్ బంధంతో ఎక్కితే 25 దగ్గరికి జరుగుతుంది. రెండో ట్యూబులో అదృష్టవశాత్తు ఒక్క ఆలికాట్ మిగిలి ఉంది. దానితో రెండు నిమిషాలకే ఈ2 దాదాపు అంతా పైకి జరిగింది. కరిగిన ట్యూబుతో పది నిమిషాలైనా కింది బ్యాండ్ ఇంకా లావుగానే ఉంది. బ్యాండ్లు కొలిచి చూస్తే పనిచేసేది నూటికి పదిహేను, ఇరవై పాళ్లు మిగిలిందని నా అంచనా.

మరి 90 నిమిషాల స్మియర్ ఎందుకు మోసం చేసింది? ఈ1 మామూలుగా అంత వేగమైనది మరి. గొలుసు కట్టే పనిలో ఆలస్యం ఎక్కువగా ఈ3 దగ్గరే. ఈ1లో ఆరో వంతు బతికున్నా గంటన్నరలో అందరూ గమ్యం చేరిపోతారు, జెల్ మీద తేడా కనిపించదు. పరుగు మొదట్లో చూసినప్పుడే ఎవరు కుంటుతున్నారో తెలుస్తుంది. నేను మెచ్చుకున్న గుణమే దాని జబ్బుని దాచింది. ఎందుకు చచ్చిందో ఖాయంగా చెప్పలేను. గది వేడిలో, ఎంజైమ్‌ని కాపాడాల్సిన బఫర్‌లోని డీటీటీ ఆక్సీకరణ చెంది, 632వ స్థానంలో అసలు పని చేసే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం దెబ్బతిని ఉంటుందని సార్ అంటారు.

మ్యూటెంట్ సంగతి అడుగుతారేమో. నాలుగో ట్యూబుతో అన్నీ ఒకే రోజు చేశాం. మామూలుదానికీ దానికీ తేడా లేదు. పోస్టర్ ఇప్పుడు మా గదిలో బియ్యం డబ్బా కింద పరిచి ఉంది.

కొనాలా వద్దా అంటే మీ పనిని బట్టి. స్మియర్ వచ్చిందా లేదా చూసుకోవడానికైతే నిస్సందేహంగా కొనండి, నా లాంటి దెబ్బ తిన్నా నిలబడుతుంది. వేగాలు కొలిచేవాళ్లయితే ట్యూబు వచ్చిన రోజే ఈ2 మీదికి యుబిక్విటిన్ ఎక్కే పరీక్ష, తక్కువ నిమిషాలతో, చేసి ఆ జెల్ దాచుకోండి. కంపెనీ ఇచ్చే కాగితం మీద ఉన్న యాక్టివిటీ వాళ్ల ఫ్రీజర్‌లో ఉన్నప్పటిది. మీ సంస్థలో బాక్యులోవైరస్ (పురుగు కణాల్లోకి జన్యువుని చేర్చే వైరస్) సదుపాయం ఉంటే సొంతంగా తయారుచేసుకోవడం మేలని చాలామంది అంటారు. మాకు లేదు. ఈ.కోలై బ్యాక్టీరియాలో చేయబోతే మాకు వచ్చింది జెల్ మీద కనీకనిపించని బ్యాండ్ ఒకటి. చెన్నైలో హాస్పిటల్ ల్యాబ్‌లో ఉన్న స్నేహితురాలు వెక్సాస్ జబ్బు (యూబీఏ1 జన్యువులో మార్పుతో వచ్చే వాపు జబ్బు) పనికి ఇది పనికొస్తుందా అని అడిగింది. ఆ జబ్బులో, 2020లో బయటపడిన దానిలో, మార్పు ఎక్కువగా 41వ అమైనో ఆమ్లమైన మెథియోనైన్ దగ్గర. మామూలుగా కణద్రవంలో పనిచేసే రకం మొదలయ్యేది అక్కడినుంచే. నేను కొన్నది మొదటి మెథియోనైన్ నుంచి మొదలయ్యే పూర్తి పొడవుది, కాబట్టి ఆమె పోలికకి సరిపోదనే చెప్పాను.

ఇప్పుడు ఆర్డర్ ఫారం మీద "సోమవారమే పంపాలి, పండుగ వారం వద్దు" అని రాస్తున్నాం. సెక్యూరిటీ పెద్దాయన ఫోన్‌లో నా నంబరు ఉంది. కరిగిన ట్యూబువి ఇంకా ఆరు ఆలికాట్లు మిగిలాయి, డబ్బా మీద నెల్లూరు పిల్ల ఏనుగు బొమ్మ వేసింది. వెస్టర్న్‌కి పాజిటివ్ కంట్రోల్ కావాల్సినవాళ్లు హెబ్బాళ వైపు వస్తే ఇస్తాం. డ్రై ఐస్ మాత్రం మీరే తెచ్చుకోండి.