సూపర్ మారియో పార్టీ జంబోరీ: గెలుపోటములు పాచికవి, గొడవలు మనవి

ఆట బాగా వచ్చినవాళ్లూ కంట్రోలర్ ఎటు పట్టుకోవాలో తెలియనివాళ్లూ ఒకే టీవీ ముందు కూర్చుని, ఇద్దరూ సరదాపడేలా ఆడదగ్గ వీడియో గేములు తక్కువే. నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ కోసం 2024 అక్టోబరు 17న వచ్చిన సూపర్ మారియో పార్టీ జంబోరీ ఆ తక్కువలో ఒకటి. ఏడు బోర్డులు, 22 పాత్రలు, 110కి పైగా మినీ గేములు. ప్రకటనల్లో కనిపించే అంకెలివి. కానీ కొనాలా వద్దా అన్నది వీటితో తేలదు. ఇంట్లో ఎంతమంది ఆడతారు, ఎన్ని కంట్రోలర్లు ఉన్నాయి, మొదటిసారి సెట్టింగులు ఎవరు పెడతారు, వీటి మీద తేలుతుంది.

ఆట ఎవరికైనా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. పాచిక వేయాలి, వచ్చినన్ని గడులు నడవాలి. నీలం గడి మీద ఆగితే మూడు నాణేలు వస్తాయి, ఎర్ర గడి మీద ఆగితే మూడు పోతాయి. నక్షత్రం ఉన్న చోటికి 20 నాణేలతో చేరితే అది మీదే, వెంటనే కొత్త నక్షత్రం బోర్డు మీద ఇంకోచోట వెలుస్తుంది. నలుగురూ ఒక్కోసారి నడవగానే ఒక మినీ గేము, దాంతో ఒక టర్ను పూర్తి. టర్నులన్నీ అయ్యేసరికి ఎవరి దగ్గర నక్షత్రాలు ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు, సమానంగా ఉంటే నాణేలు లెక్కేస్తారు.

టర్నుల సంఖ్య 10 నుంచి 30 దాకా పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో మొదటి ఆట సగంలో ఆగిపోయేది ఇక్కడే. నలుగురు మనుషులు ఆడితే 10 టర్నులకే గంట దాటుతుంది. 20 పెట్టారంటే చిన్నపిల్లలు మధ్యలోనే లేచిపోతారు, వాళ్ల పాత్రను కంప్యూటరుకు అప్పగించాల్సి వస్తుంది. మొదటిసారికి 10 చాలు. బోర్డుల్లో మెగా విగ్లర్ చెట్టుది తీసుకోండి. మధ్యలో పడుకున్న పెద్ద గొంగళిపురుగు కదిలినప్పుడల్లా దారులు మారతాయి, అంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. మూడంతస్తుల షాపింగ్ మాల్ బోర్డు, ఆటుపోట్లతో దారులు మునిగి తేలే గూంబా లగూన్ తర్వాత చూసుకోవచ్చు. ఏడింటిలో రెండు బోర్డులు మొదట తాళం వేసి ఉంటాయి, ఆడుతూ పోతే తెరుచుకుంటాయి. వెస్టర్న్ ల్యాండ్, మారియో రెయిన్‌బో క్యాసిల్ అనే రెండూ పాత మారియో పార్టీల నుంచి తెచ్చినవి, మిగతా ఐదూ కొత్తవి.

అదృష్టం సంగతి ముందే చెప్పుకోవాలి. మినీ గేములన్నీ గెలిచినవాళ్లు కూడా చివరికి మూడో స్థానంలో మిగిలిపోవచ్చు. 50 నాణేలు ఇస్తే బూ అనే దయ్యం ఎదుటివాళ్ల నక్షత్రాన్ని ఎత్తుకొచ్చి పెడుతుంది. నడిచే దారిలో ఉన్నట్టుండి దాగిన పెట్టె బయటపడి నాణేలో, ఏకంగా నక్షత్రమో ఇస్తుంది. ఆట ముగిశాక బోనస్ నక్షత్రాలు పంచుతారు, ఎక్కువ వస్తువులు వాడినందుకో, ఎక్కువ ఎర్ర గడుల మీద ఆగినందుకో కూడా. దీన్ని లోపమనేవాళ్లున్నారు. అనుభవమున్న ఆటగాడు మొదటి టర్నులోనే గెలుపు ఖాయం చేసుకుంటే, ఎనిమిదేళ్ల పిల్లకు ఆ గంటసేపు కూర్చోవడానికి కారణమేముంటుంది? ఆమెకూ అవకాశం ఉందని చివరి టర్ను దాకా నమ్మించడమే ఈ ఆట పని. అది చక్కగా చేస్తుంది.

అది మరీ ఎక్కువనిపించేవాళ్లకు ప్రో రూల్స్ ఉన్నాయి. 12 టర్నులు, బోనస్ నక్షత్రం ఒక్కటే, అదీ దేనికిస్తారో మొదట్లోనే చెప్పేస్తారు. ప్రతివాళ్లూ ఒక వస్తువు ఎంచుకుని మొదలుపెడతారు, మినీ గేమును ఓటు వేసి ఎంచుకుంటారు, దాగిన పెట్టెలు ఉండవు. తర్వాతి నక్షత్రం ఎక్కడ వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి దారి లెక్కేసుకుని నడవొచ్చు. ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు పట్టుగా ఆడాలంటే ఇదే సరైన పద్ధతి. చిన్నపిల్లలున్నప్పుడు దీని జోలికి వెళ్లకండి.

ఈ ఆటకు పేరు తెచ్చింది జంబోరీ బడ్డీలు. అప్పుడప్పుడు బోర్డు మీద మారియో, పీచ్, వారియో లాంటి పదిమందిలో ఒకరు ప్రత్యక్షమవుతారు. వాళ్ల దగ్గరికి ఎవరైనా చేరితే నలుగురికీ కలిపి ఒక పెద్ద పోటీ జరుగుతుంది. మామూలు మినీ గేముల కంటే ఇది నిడివైనది. ముందు చేరినవాళ్లకు కొంత ఆధిక్యం ఇస్తారు, గెలుపు మాత్రం ఎవరిదైనా కావొచ్చు. గెలిచినవాళ్ల వెంట ఆ బడ్డీ మూడు టర్నులు నడుస్తుంది. ఆ మూడు టర్నుల్లో అన్నీ రెండింతలు: నీలం గడి ఆరు నాణేలు ఇస్తుంది, ఎర్ర గడి ఆరు లాక్కుంటుంది, నక్షత్రం దగ్గర ఒకేసారి రెండు కొనొచ్చు. పీచ్ వెంట ఉంటే నక్షత్రం సగం ధరకే, అంటే రెండు నక్షత్రాలూ కలిపి 20 నాణేలకే వచ్చేస్తాయి. వారియో ప్రతి టర్నుకీ నాణేలిస్తాడు, డెయిజీ ఉంటే అంగడిలో వస్తువులు సగం ధర.

తెలియక చాలామంది నష్టపోయేది ఒకచోట. బడ్డీ ఉన్న ఆటగాడిని వెనక నుంచి ఎవరైనా దాటుకుని వెళ్లారంటే బడ్డీ వాళ్ల వెంట వెళ్లిపోతుంది. పోటీ గెలిచి సంబరపడేలోపే వెనకవాడి పాచికలో ఆరు పడుతుంది, పీచ్ చేయి మారుతుంది. కాబట్టి బడ్డీ దక్కగానే, దాచుకున్న డబుల్ డైస్ (ఒకేసారి రెండు పాచికలు వేయించే వస్తువు) వాడి దూరం జరగాలి. వెనకున్నవాళ్లు కూడా తమ డబుల్ డైస్‌ను ఆ సమయానికే అట్టిపెట్టుకోవాలి. కోరుకున్న అంకె వేసుకోనిచ్చే కస్టమ్ డైస్ ఉంటే మరీ మంచిది. పీచ్ కనిపించిందంటే చేతిలో కనీసం 20 నాణేలు లేకుండా అటు పరుగెత్తి ప్రయోజనం లేదు. ఉన్న మూడు టర్నులూ నాణేల వేటకే సరిపోతాయి.

మినీ గేముల నాణ్యత మొత్తంమీద బాగుంది. నలుగురూ విడివిడిగా, ఇద్దరికిద్దరు, ఒకరి మీద ముగ్గురు, ఇలా రకరకాలు. ఎక్కువ భాగం నిమిషంలోపే ముగుస్తాయి, ఒకటి రెండు బటన్లకు మించి వాడాల్సిన పని ఉండదు. ప్రతిదానికీ ముందు ఒక వివరణ తెర వస్తుంది. అక్కడే సాధన చేసుకోవచ్చు, అందరూ సిద్ధమని బటన్ నొక్కేదాకా అసలు ఆట మొదలవదు. ఈ తెరను తొందరపడి దాటేయడం వల్లే పిల్లలు మొదటి ఆటల్లో వరసగా ఓడిపోతారు. తెర మీద రాసింది చదవలేని వయసు పిల్లలుంటే (తెలుగులో రాత ఎలాగూ లేదు) పక్కనున్నవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పి, రెండుసార్లు సాధన చేయించి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి.

చేయి ఊపి, తిప్పి ఆడే మోషన్ గేములు కూడా ఈ గుంపులో కలిసి వస్తాయి. ఇవి రాకుండా సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు. ఇరుకు గదిలో నలుగురు భుజానికి భుజం ఆనించుకుని కూర్చున్నప్పుడు ఆపేయడమే మేలు.

ఇక కంట్రోలర్ల లెక్క. స్విచ్‌తో వచ్చే జాయ్-కాన్ జతను విడదీసి ఒక్కోదాన్ని అడ్డంగా పట్టుకుంటే ఇద్దరు ఆడొచ్చు. నలుగురికి ఇంకో జతో, లేదా రెండు ప్రో కంట్రోలర్లో కావాలి. బోర్డు ఆటకు ప్రో కంట్రోలర్ పనికొస్తుంది. 2018లో వచ్చిన సూపర్ మారియో పార్టీలో ఆ వెసులుబాటు లేదు, ఒక్కొక్కరికీ ఒక జాయ్-కాన్ ఉండి తీరాల్సిందే. జాయ్-కాన్లను కలిపేటప్పుడు హోమ్ తెరలో కంట్రోలర్స్, తర్వాత చేంజ్ గ్రిప్/ఆర్డర్‌లోకి వెళ్లి, ఒక్కొక్కరూ తమదాని మీద కన్సోల్‌కు తగిలే పక్క ఉండే ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ బటన్లను కలిపి నొక్కాలి. ఎల్, ఆర్ నొక్కితే రెండు ముక్కలూ ఒకే ఆటగాడి కింద జతపడతాయి. రెండో ఆటగాడు కనిపించడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం దీనిదే.

చేతి పట్టీ తగిలించేటప్పుడు దాని మీది ప్లస్ గుర్తును ప్లస్ ఉన్న జాయ్-కాన్‌కే, మైనస్‌ను మైనస్‌కే జతచేయాలి. తలకిందులుగా దూర్చితే లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. అలా ఇరుక్కున్నదాన్ని బలంగా లాగితే పట్టాలే పాడవుతాయి. పట్టీ ఉన్నది కంట్రోలర్ చేతినుంచి జారకుండా ఉండటానికి మాత్రమే కాదు, దానివల్ల ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ బటన్లు పెద్దవై వేళ్లకు సులువుగా అందుతాయి. స్విచ్‌తో పాటు వచ్చే మామూలు గ్రిప్ జాయ్-కాన్లను చార్జ్ చేయదు. ఆడటం అయ్యాక వాటిని కన్సోల్‌కే తగిలించి ఉంచాలి. పాత్ర ఎవరూ ముట్టుకోకుండానే పక్కకు జరుగుతుంటే, సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్ కింద స్టిక్ క్యాలిబ్రేషన్ చేసి చూడండి. దానితో తగ్గకపోతే స్టిక్ అరిగిందనే అర్థం.

బోర్డు పక్కన పెడితే మిగిలిన మోడ్‌లు ఒక్కతీరుగా లేవు. వంట చేస్తూ తాళానికి చేయి కలిపే రిదమ్ కిచెన్ బాగుంది, కానీ టీవీలో బొమ్మ, ధ్వని ఆలస్యంగా వస్తే అది దీన్ని చెడగొడుతుంది. కొట్టిన దెబ్బ సరిగ్గానే పడినా తెర మీద తప్పని వస్తుంటే టీవీలో గేమ్ మోడ్ పెట్టాలి. ధ్వని బ్లూటూత్ స్పీకర్‌లో వస్తుంటే దాన్ని తీసేసి టీవీ స్పీకర్ వాడాలి. జాయ్-కాన్లను రెక్కల్లా ఊపుతూ ఎగిరే పారాట్రూపా ఫ్లైట్ స్కూల్‌లో మనిషికి రెండు జాయ్-కాన్లు కావాలి, అంటే ఇద్దరు ఆడాలంటే నాలుగు. పది నిమిషాల వింత, తర్వాత భుజాలు నొప్పి. ఒంటరిగా ఆడే పార్టీ ప్లానర్ ట్రెక్‌లో అవే బోర్డుల మీద స్వేచ్ఛగా తిరుగుతూ అడిగినవాళ్లకు చిన్నచిన్న పనులు చేసిపెట్టాలి. బోర్డుల దారులు తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతకంటే కాదు.

రేసు కావాలనుకునేవాళ్లు చూడాల్సింది కూపాథ్లాన్. 20 మంది ఆన్‌లైన్‌లో ఒకే పొడవాటి దారి మీద పోటీపడతారు. ఇక్కడ పాచిక లేదు. చిన్న ఆటల్లో ఎన్ని నాణేలు పోగేస్తే అన్ని అడుగులు ముందుకు. మధ్యలో మారియో శత్రువు బౌజర్‌లా వేషం కట్టిన వేషగాడు పెట్టే గండం దాటలేకపోతే వెనక్కి నెట్టేస్తారు. దారి చివరికి ముందు చేరినవాళ్లదే గెలుపు. అదృష్టానికి చోటు చాలా తక్కువ, చేతివేగానికి ఎక్కువ. మొత్తం ఆటలో నైపుణ్యాన్ని నిజంగా పరీక్షించేది ఇదే. ఎనిమిదిమంది ఒకే జట్టుగా బాంబులు పోగేసి వేషగాడి మీద ఫిరంగి పేల్చే బౌజర్ కబూమ్ స్క్వాడ్ రెండుసార్లకే పాతబడుతుంది. అపరిచితులతో ఇంటర్నెట్‌లో ఆడాలంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వం విడిగా తీసుకోవాలి, అది ఆట ధరలో కలిసి రాదు.

స్విచ్ 2 ఉన్నవాళ్ల కోసం 2025 జులై 24న జంబోరీ టీవీ అనే అదనపు భాగం వచ్చింది. స్విచ్ 2తో వచ్చే జాయ్-కాన్ 2ను మౌస్‌లా నేల మీద జరుపుతూ ఆడే మినీ గేములు, కెమెరా, మైకు వాడే ఆటలు ఇందులో ఉన్నాయి. వాటికంటే ఉపయోగపడేది ఫ్రెంజీ రూల్స్. ఐదే టర్నులు, అందరూ ఒక నక్షత్రంతో, 50 నాణేలతో మొదలుపెడతారు. గంటసేపు కూర్చోలేని గుంపుకు ఇది బాగా కుదురుతుంది. ఇది మొదటి స్విచ్‌లోనే ఉండాల్సింది. కెమెరా ఆటల కోసం విడిగా కెమెరా కొనేంత సరుకు మాత్రం అందులో లేదు.

రేసులే ముఖ్యం, పాచిక వద్దనుకుంటే మారియో కార్ట్ 8 డీలక్స్ తీసుకోవడం మేలు. 48 ట్రాకులు, విడిగా కొనే బూస్టర్ పాస్‌తో కలిపి 96. స్ప్లిట్ స్క్రీన్‌లో నలుగురు ఆడొచ్చు. చిన్నపిల్లలకు స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ రెండూ వేసేస్తే బండి ట్రాకు దాటి పడిపోదు, బటన్ పట్టుకునే పని కూడా ఉండదు. చేయి తిరిగినవాళ్లు మాత్రం స్మార్ట్ స్టీరింగ్ తీసేయాలి. అది ఉన్నంతసేపూ డ్రిఫ్ట్‌లో (మలుపులో బండిని జార్చి నడపడంలో) ఎక్కువ వేగం ఇచ్చే మూడో దశ ఊదారంగు నిప్పురవ్వలు రావు, కొన్ని అడ్డదారులూ మూసుకుపోతాయి. బండి వెనక యాంటెన్నా కనిపిస్తోందంటే అది ఆన్‌లో ఉన్నట్టే.

ఇంట్లో వారానికోసారైనా ముగ్గురో నలుగురో కలిసి కూర్చుంటారంటే జంబోరీ కొనండి. ఎప్పుడూ ఒక్కరే ఆడేవాళ్లకు డబ్బు దండగ. స్విచ్ లైట్ మాత్రమే ఉన్నవాళ్లు ఇంకోసారి ఆలోచించాలి. దానికి టీవీ కనెక్షన్ లేదు, కంట్రోలర్లు ఊడవు, విడిగా జాయ్-కాన్లు కొంటే తప్ప మోషన్ మోడ్‌లు నడవవు. అలాంటివాళ్లకు 2021లో వచ్చిన మారియో పార్టీ సూపర్‌స్టార్స్ నయం. పాత ఆటల నుంచి ఏరి తెచ్చిన 100 మినీ గేములు, ఐదు బోర్డులు, అన్నీ బటన్లతోనే ఆడేవి. చేతిలో ఉన్న ఆ ఒక్క కన్సోల్‌తోనే మొత్తం ఆడుకోవచ్చు.