బ్రేక్-బ్యారెల్ ఎయిర్ రైఫిల్: 3 ఏళ్ల తర్వాత దాని లాక్ సంగతి

కొత్తలో, బ్యారెల్‌ను మడిచి పెల్లెట్ పెట్టే ఈ రైఫిల్ లాక్‌ను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మెచ్చుకుని చెప్పాను. మూస్తే టక్కున ఒకటే చప్పుడు. తెరవాలంటే బ్యారెల్ కొస మీద అరచేత్తో ఒక దెబ్బ వేయాల్సిందే. 3 ఏళ్లు, నెలకు 400 పెల్లెట్ల చొప్పున కాల్చాక తేలిందేమిటంటే, ఆ బిగువులో సగం ఉక్కుది కాదు, మడత దగ్గర గాలి పోకుండా ఆపే కొత్త రబ్బరు సీల్‌ది.

4.5 మి.మీ. బోరు, స్ప్రింగ్ పిస్టన్, పెల్లెట్ శక్తి 20 జౌళ్ల లోపు, అంటే లైసెన్స్ అక్కర్లేని రకం. మిగతావి డబ్బా మీదే ఉంటాయి.

రెండో ఎండాకాలం తేడా కొట్టింది. 10 మీటర్లలో రూపాయి బిళ్ల కింద దాగే 5 దెబ్బలు నిలువుగా 4 సెం.మీ. సాగాయి. అడ్డంగా మాత్రం చెదరలేదు. అదే ఆనవాలు. పెల్లెట్లు బాగాలేకపోతే నలువైపులా చెదురుతాయి. నిలువుగా సాగితే, బ్యారెల్ మడత దగ్గర ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడం లేదేమోనని చూడాలి. స్కోప్ ఉండేది పిస్టన్ ఉండే ట్యూబ్ మీద, బ్యారెల్ కిందికి జారిన సంగతి దానికి అందదు. నా దాంట్లో గురి చూసే ముందు, వెనక సైట్లు రెండూ బ్యారెల్ మీదే ఉన్నాయి. స్కోప్ తీసి వాటితో కొడితే గ్రూపు, అంటే దెబ్బలన్నీ ఒకచోట పడటం, కుదురుకుంది. చాలామంది ఇక్కడే స్కోప్ పాడైందని కొత్తది కొంటారు. పైసలు దండగ. ముందు మడత మీద చిన్న టిష్యూ ముక్క వేసి, పెల్లెట్ పెట్టి కాల్చండి. ముక్క ఎగిరిందంటే గాలి అక్కడే పోతోంది. నాది ఎగిరింది.

సీల్ అణిగిపోయింది. వెర్నియర్‌తో కొలత తీసుకుంటే నల్లగొండలో ట్రాక్టర్ హైడ్రాలిక్ సీళ్లు అమ్మే దుకాణంలోనే సరిపోయే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) దొరికింది. అది లోహం కంటే గోటికి తగిలేంత పైకి ఉంటే చాలు. తక్కువైతే కింద సన్నటి కాగితపు వాషర్ వేయొచ్చు. మరీ లేపితే ఇంకో చిక్కు: బ్యారెల్ పూర్తిగా మూసుకోదు, లాక్ చీల (స్ప్రింగ్‌తో బయటికి వచ్చి బ్యారెల్‌ను మూసి పట్టే ముక్క) తన గాడిలో సగమే దిగుతుంది, నిలువు గీత మళ్లీ మొదలు. నేను మొదట రెండు కాగితాలు వేసి ఈ తప్పే చేశాను.

లాక్ చీల చుట్టూ పాత గ్రీజు, దుమ్ము కలిసి జిగురులా పట్టి ఉంది. స్ప్రింగ్ ఉన్నా చీల పూర్తిగా బయటికి రావట్లేదు. గుడ్డతో తుడిచి, అగ్గిపుల్ల కొసకు అంటేంత మాలిబ్డినం గ్రీజు రాస్తే చాలు. సీల్ దగ్గర మాత్రం కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె ఏదీ వద్దు. పిస్టన్ ఒత్తిడికి వేడెక్కిన గాలిలో నూనె డీజిల్ ఇంజన్‌లో లాగే అంటుకుంటుంది. సీల్, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి.

చివరికి పివట్ బోల్ట్, అంటే బ్యారెల్ మడతకు ఇరుసు. కాక్ చేసి (బ్యారెల్ వంచి స్ప్రింగ్ బిగించి) పట్టు కాస్త సడలించినా బ్యారెల్ ఉన్నచోటే ఆగాలి, బరువుకు వాలిపోకూడదు. పరీక్షించేటప్పుడు పెల్లెట్ ఉండొద్దు, సేఫ్టీ వేసి ఉండాలి, రెండో చెయ్యి బ్యారెల్‌ను వదలకూడదు, వేళ్లు మడతలో పెట్టొద్దు. వాలితే ముందు పక్కనున్న లాకింగ్ స్క్రూ వదులు చేసి, బోల్ట్ కొంచెం తిప్పి, స్క్రూ మళ్లీ బిగించాలి.

గ్రూపు తిరిగి వచ్చింది. ఆ మొదటి టక్ చప్పుడు మాత్రం పూర్తిగా రాలేదు. మాది మిర్యాలగూడ వైపు, మిల్లుల ఊక దుమ్ము ఇంట్లోకి కూడా వస్తుంది. దుమ్ము లేనిచోట సీల్ ఇంకా ఎక్కువే మన్నొచ్చు. నేను కాగితం టార్గెట్ తప్ప ఇంకేదీ కాల్చను. స్కోప్ పెట్టేవాళ్లు కొంటే రెండు సీళ్లు కూడా తెచ్చి పెట్టుకోండి. సైట్లతో కాల్చేవాళ్లకు ఈ లోపం ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు.