కాంపారి: మొదటి గుటకకే మార్కులు వేసేయకండి

కాంపారి అంటే ఇటలీ వాళ్ళ ఎర్రటి చేదు లిక్యూర్, దాని గురించి ఎవర్ని అడిగినా రెండే మాటలు, అయితే దగ్గు మందు, లేదంటే అబ్బ ఏముంది. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు కోశానో చివర్లో చెప్తా గానీ చాలామందికి ఇది నచ్చకపోడానికి కారణం డైరెక్టుగా నెగ్రోనీ కాక్‌టెయిల్‌తో మొదలుపెట్టడమే అని నా నమ్మకం.

నెగ్రోనీ అంటే జిన్, స్వీట్ వెర్మూత్ (మూలికలు కలిపిన తియ్యటి వైన్), కాంపారి మూడూ సమానంగా, మామూలుగా తలా 30 ఎంఎల్. జ్యూస్ లేదు సోడా లేదు, చేదు అలవాటు లేనోళ్ళకి ఫస్ట్ సిప్‌కే మొహం ముడుచుకుపోతుంది. ఫేమస్ కదా అని అదే ఆర్డర్ చేసి, సగం వదిలేసి, ఇక జన్మలో ముట్టను అనేస్తారు.

ముందు అమెరికానో తాగండి, కాఫీ కాదండోయ్, కాక్‌టెయిలే. కాంపారి, స్వీట్ వెర్మూత్ సమానంగా పోసి, గ్లాసు నిండా ఐస్ వేసి పైన సోడా, అంతే. జిన్ లేదు కాబట్టి ఘాటు ఉండదు, సోడాకి చేదు పల్చబడుతుంది. 1919 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో కౌంట్ నెగ్రోనీ అనే ఆయన ఇందులో సోడా బదులు జిన్ పొయ్యమన్నాడట, నెగ్రోనీ అలా పుట్టిందంటారు, మనమూ అదే వరసలో వెళ్తే సరిపోతుంది.

కాంపారి అసలు రుచి తెలియాలంటే విడిగా ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. ముందు నారింజ తొక్క వాసన, వెంటనే తీపి, బానే ఉందే అనుకునేలోపు నాలుక వెనకాల చేదు మొదలై మింగేశాక కూడా పోదు. నాకు నచ్చేది ఆ పోకపోవడమే. తీపి డ్రింకులు రెండో గ్లాసుకే మొహం మొత్తుతాయి, ఇది మొత్తదు, ఇంకో సిప్ కావాలనే అనిపిస్తుంది. చేదు మరీ ఎక్కువైతే చక్కెర కాదు, రెండు చుక్కలు ఉప్పునీళ్ళు వేయండి, ఉప్పు చేదుని అణిచేస్తుంది, డ్రింకేమో ఉప్పగా అవదు.

అదే బాపతు లిక్యూర్ అపెరోల్‌తో మొదలెట్టొచ్చుగా అంటారు కొందరు. 11 శాతం ఆల్కహాల్, చేదు నామమాత్రం, స్ప్రిట్జ్‌లో (నురగ వైన్, సోడా కలిపే డ్రింకు) బాగుంటుంది, కానీ ఎన్ని స్ప్రిట్జ్‌లు తాగినా కాంపారి అలవాటవదు. దానికంటే జంగిల్ బర్డ్ అనే కాక్‌టెయిల్ నయం, రమ్, కాంపారి, పైనాపిల్ జ్యూస్, నిమ్మరసం, షుగర్ సిరప్, 1970ల్లో కౌలాలంపూర్ హిల్టన్‌లో పుట్టింది, చేదంటే పడనివాళ్ళు కూడా గ్లాసు ఖాళీ చేస్తారు.

కాంపారి అలవాటయ్యాక చినార్ ట్రై చేయొచ్చు, ఆర్టిచోక్ ఆకులు పడే లిక్యూర్. ఫెర్నెట్ బ్రాంకా అనే ఇంకో చేదు లిక్యూర్ మాత్రం ఆఖరికి ఉంచుకోండి, 39 శాతం, మెంథాల్ ఘాటు ముక్కులోకి కొడుతుంది. హ్యాంకీ ప్యాంకీ అనే కాక్‌టెయిల్‌లో జిన్, వెర్మూత్‌కి అది రెండు డ్యాషులు, అంటే కొన్ని చుక్కలే వేస్తారు, మొదట్లో ఆ మాత్రం చాలు.

ఇక ఆ అర మార్కు. కాంపారి కొంటే వెర్మూత్ కూడా కొనక తప్పదు. కాంపారి మూత తీసినా బయటే నెలల తరబడి బానే ఉంటుంది, వెర్మూత్ అలా కాదు, అది వైన్‌తో చేసేది, ఓపెన్ చేశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో అవగొట్టాలి. ఎప్పట్నుంచో షెల్ఫ్‌లో పడున్న వెర్మూత్‌తో కలిపి కాంపారిని తిట్టేవాళ్ళకి నేనేం చెప్పలేను, చిన్న సీసా కొనుక్కోండి.