ఎముక శిలాజాల వృత్తి: సర్వే ఉద్యోగమా, పరిశోధనా?

విశాఖలో జియాలజీ ఎమ్మెస్సీ ముగించి, ప్రాచీన సకశేరుకాలను అధ్యయనం చేయాలనుకునేవారి ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఏది పట్టినా ఊరు విడవక తప్పదు. కైలాసగిరి ఖోండలైట్ తీవ్రమైన వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందిన శిల కాబట్టి అందులో ఎముకలు దొరకవు.

మొదటిది జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. యూపీఎస్సీ పరీక్ష నెగ్గితే జీతం, ఉద్యోగ భద్రత వెంటనే అందుతాయి. అయితే ఖనిజాన్వేషణకు పంపితే వెళ్లాల్సిందే. రెండోది పీహెచ్‌డీ, ఆపై విశ్వవిద్యాలయం: ఫెలోషిప్‌తో ఏళ్ల తరబడి నెట్టుకురావాలి, కానీ ఏ ప్రశ్న వెంట పోవాలో నిర్ణయించుకునేది మనమే.

ప్రాణహిత–గోదావరి లోయలోని ‘కోట’ అనే పేరున్న శిలాస్తరాలు రెండు దారుల ఫలితాన్నీ చూపుతాయి. యామన్‌పల్లి దగ్గర సర్వేవారు వెలికితీసిన కోటసారస్ అనే డైనోసార్‌కు 1988లో పేరు పెట్టారు, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తవ్విన బారపాసారస్ అనే మరో డైనోసార్‌కు 1975లో పేరు వచ్చింది. చేతిపని మాత్రం ఒక్కటే: ఎముకపై తడి కాగితం పరిచి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టా చుట్టి, ఆరాక పదిలంగా తిప్పి, ఆపై నెలల తరబడి సూదిమొనతో మట్టి రాల్చడం. ఆ ఓపిక ఉన్నవారికి నేను రెండో దారినే చెబుతాను, ఎందుకంటే ఒకే ఎముకతో అంతకాలం గడిపే స్వేచ్ఛ అక్కడే ఎక్కువ.