ఒర మీద 1898 అని ఉందని డబ్బు కట్టకండి: ఫిలిప్పీన్స్ పాత కత్తులు కొనేవాళ్లకు జాగ్రత్త

"కతిపునాన్ వీరుల నాటి బోలో, అసలు తోలు ఒరతో సహా, అరుదైనది" అన్న ప్రకటన ఆన్‌లైన్‌లో మళ్లీ మళ్లీ కనబడుతోంది. (కతిపునాన్ అంటే స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ ఫిలిప్పీన్స్ రహస్య సంఘం, బోలో అంటే అక్కడి పెద్ద కత్తి.) గేదె కొమ్ము పిడి, ఇత్తడి అడ్డుపట్టీ, పూల లతలు అద్దిన ముదురు గోధుమరంగు ఒర, ఒర మీద పెద్ద అక్షరాలతో 1898. అది చూసి తెప్పించుకున్న కత్తిని విప్పి పరీక్షిస్తే బయటపడ్డవి కింద రాస్తున్నాం. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. ఈ పని చేసేది వాళ్లొక్కరే కాదు.

ముందు ఒర సంగతి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ వేరే కత్తి ఒరను తెచ్చి ఈ కత్తికి తొడిగారు. ఒరలోకి చీపురుపుల్ల దించి కొలిస్తే లోపలి పొడవు 44 సెంటీమీటర్లు, కత్తి అలుగు 38. చివర ఆరు సెంటీమీటర్లు ఖాళీ, ఊపితే గలగల. ఆ కత్తికే కుట్టిన ఒర అయితే అంత తేడా రాదు. అలుగు పొట్ట ఎక్కడ ఉబ్బితే ఒరా అక్కడే ఉబ్బుతుంది.

టార్చి వేసి ఒర మూతిలోకి చూస్తే పైన ముదురు గోధుమ, లోపల లేత పసుపు. ఏళ్ల తరబడి కత్తి ఉన్న ఒరలో వాదర ఆనిన చోట తుప్పు గీత నల్లగా దిగి ఉండాలి. ఇందులో అదేమీ లేదు. తడి తెల్లగుడ్డతో తుడిస్తే బూటు పాలిష్ అంటింది. కుట్టు చివర వేలాడే దారాన్ని అరంగుళం కత్తిరించి, ఒరకు దూరంగా అగ్గిపుల్ల చూపిస్తే కరిగి పూసలా ముడుచుకుంది. అంటే నైలాన్. నూలో, అబాకా (అరటి జాతి మొక్క) నారో అయితే కాలి బూడిదవుతుంది. నైలాన్‌ను లోకానికి ప్రకటించిందే 1938లో. పాత ఒరకు తర్వాత ఎవరైనా మరమ్మతు కుట్టు వేసి ఉండవచ్చు, దాన్ని తప్పుపట్టలేం. కానీ మూతి నుంచి మొన దాకా ఒకే దారం, ఒకే కొలత మిషను కుట్టు ఉంటే ఇక సాకు లేదు.

ఇక ఆ అంకెలు. తోలు తడిగా ఉన్నప్పుడు అద్దిన అంకె మీదుగా కాలక్రమంలో పగుళ్లు పాకుతాయి. ఇక్కడ తంతు తలకిందులు: పగుళ్లను అంకె కోసుకుంటూ పోయింది, గాడి అడుగున తెల్లటి పీచు కనిపిస్తోంది. భూతద్దం కింద చూస్తే అరనిమిషంలో తెలిసిపోతుంది.

కతిపునాన్ పుట్టింది 1892లో, తిరుగుబాటు 1896లో, స్వాతంత్ర్య ప్రకటన 1898 జూన్ 12న. అమ్మేవాళ్లకు ఈ ఏళ్లు కంఠతా వచ్చు. తర్వాత 1899లో అమెరికాతో మొదలైన యుద్ధం నుంచి అమెరికా సైనికులు బోలోలు ఇంటికి పట్టుకెళ్లడం మొదలైంది. 1945 తర్వాత జీపుల తుక్కుతో జ్ఞాపికలుగానే చాలా తయారయ్యాయి. ఏళ్లూ ఊళ్ల పేర్లూ రాయడం ఎక్కువగా ఆ జ్ఞాపికల తీరే. జ్ఞాపిక సేకరించడం తప్పేమీ కాదు, దానికి విప్లవం నాటి ధర పెట్టడమే తప్పు.

అలుగు దగ్గరికి వద్దాం. వెర్నియర్‌తో వెన్ను మందం మూడుచోట్ల కొలవండి: పిడి దగ్గర, మధ్యలో, మొనకు రెండంగుళాల ఇవతల. సమ్మెటతో సాగగొట్టిన పాత కత్తి 6 మిల్లీమీటర్లతో మొదలై మొన దగ్గర 3కు దిగవచ్చు. ఈ కత్తి మూడుచోట్లా 5. కమాను పట్టీ కోసి గ్రైండర్ పట్టిన పని. (మన కమ్మర్లూ లారీ కమాను పట్టీతో కత్తులు కొడతారు, ఉక్కు మంచిదే, వయసే అబద్ధం.) అలుగు మీద నీటి అలల్లాంటి చారలున్నాయని మురిసిపోకండి. పొరలు పేర్చి కొట్టిన ఇనుములో ఆ గీతలు వెన్ను మీదా కనిపిస్తాయి. యాసిడ్‌తో గీసినవి పక్కల మీదే ఆగిపోతాయి.

దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మిందనావో, సులు దీవుల వైపు మోరోల (అక్కడి ముస్లిం తెగల) కత్తులకు, అంటే కలిస్, బరోంగ్ వంటివాటికి, ఒర సాధారణంగా రెండు చెక్కలు కలిపి కట్టింది. తోలు ఒరలో కలిస్ వస్తే ఒకటికి రెండుసార్లు అడగండి.

అమ్మేముందు "శుభ్రం చేసి నూనె పట్టించాం" అన్నారు. నిజానికి అసలు నష్టం అదే. తోలుకు పట్టించిన నూనె ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి మైనంలాంటి చిలుముగా తేలింది. ఒరలోనే ఉంచి పంపడంతో తోలులోని ఆమ్లం, తేమ కలిసి వాదర పొడవునా ఎర్రతుప్పు పట్టింది. తుప్పుకు పలచటి మినరల్ ఆయిల్, నాలుగు సున్నాల స్టీల్ ఉన్ని చాలు, మెల్లగా, ఒకే దిశలో. నల్లటి పాత పొరను ముట్టుకోవద్దు. ఉప్పుకాగితం, వైర్ బ్రష్ అసలే వద్దు. స్పిరిట్‌తో తుడిచి ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాయండి. తోలు ఎర్రపొడిగా రాలుతుంటే నూనె దాన్ని ఆపదు, జిడ్డు చేసి నల్లబరుస్తుంది. 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 2 గ్రాముల క్లూసెల్ జి (పొడిబారి రాలే తోలును పట్టి ఉంచే సెల్యులోజ్ పొడి) కరిగించి, కనబడని మూల పరీక్షించాక, కుంచెతో పలచగా ఒక పూత, ఒక రోజు ఆరాక ఇంకొకటి. తర్వాత కత్తీ ఒరా వేరువేరు పెట్టెల్లో పెట్టండి. ఇనుముకు పొడిగాలి కావాలి, తోలుకు 50 శాతం చుట్టుపక్కల తేమ కావాలి, రెంటికీ ఒకే పెట్టె కుదరదు. విశాఖ, కాకినాడ వైపువాళ్లు కత్తి పెట్టెలో సిలికా జెల్ మరిచిపోకండి.

ఇండియాకు తెప్పించేవాళ్లకు ఇంకో గండం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తి దిగుమతికి లైసెన్స్ కావాలి. వంటకూ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉన్నా, "యుద్ధపు కత్తి" అని అమ్మినదాన్ని "వంటకత్తి" అని పార్శిల్ మీద రాయిస్తే కస్టమ్స్‌లో ఇరుక్కునేది మీరే. దావావోలో మెడిసిన్ చదివే మన పిల్లలతో బ్యాగులో తెప్పించాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి, పాత వస్తువు ఆ దేశం దాటాలంటే అక్కడి అనుమతులు వేరే ఉన్నాయి.

పార్శిల్ వస్తే వీడియో తీస్తూ విప్పండి. కత్తి దూసేటప్పుడు ఒరను చుట్టూ గుప్పిట పట్టొద్దు. వాదర వైపు కుట్టు పుచ్చిపోయి ఉంటే అలుగు దాన్ని చీల్చుకుని నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. వెన్ను వైపు నుంచి బొటనవేలూ చూపుడువేలుతో పట్టుకుని, వెన్ను ఒరకు ఆనించి మెల్లగా లాగండి.